నెమలిగొంది ఉప్పుబండ

మొదటి అడవిదున్న ఉప్పుబండ దగ్గరకొచ్చేసరికి పొద్దు బారెడెక్కింది.

మంచె మీద ఇద్దరున్నారు. ఒకరు కెచ్చెల బుచ్చిరెడ్డి, నెమలిగొంది కొండరెడ్ల గూడేనికి చెందిన ఫారెస్టు వాచరు. రెండో మనిషి డాక్టర్ సుభాషిణి. ఆవిడ పశువుల డాక్టరే అయినా చదువంతా పశువుల కడుపుల్లో బతికే పురుగుల మీద. ఐదు రోజులుగా ఇద్దరూ తెల్లారకముందే మంచె ఎక్కి కూచుంటున్నారు. చీమ కూడా బండ దగ్గరకి రాలేదు. కాకినాడ ల్యాబులో నాలుగేళ్ళు కష్టపడి చేసిన యంత్రం ఇక్కడ ఉత్త రాయిలాగా పడుంటుందేమోనని సుభాషిణికి భయం పట్టుకుంది.

"కదలకండమ్మా. ముసల్దొచ్చింది," అన్నాడు బుచ్చిరెడ్డి, పెదవులు కదిలీ కదలకుండా. "మందకి పెద్ద ఇదే. ఇది నాకి బాగుందంటే మిగతాయన్నీ వస్తాయండి."

వెదురు పొదల్లోంచి ఆడదున్న ఒకటి బయటికొచ్చింది. మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు తొడుక్కున్నట్టున్న కాళ్ళు. మనిషి ఎత్తు ఉండాల్సిన మూపు కుంగిపోయింది. తుంటి ఎముకలు తోలుని పొడుచుకుని పైకొచ్చాయి. అది మూతి చాచి గాలి పీల్చింది. ఈల లాంటి చప్పుడొకటి చేసింది. ఓ అడుగు ముందుకేసి, నాలిక బయటపెట్టి, బండని ఒక్కసారి నాకింది.

సుభాషిణి ఒళ్ళో ఉన్న ట్యాబ్లెట్ తెర మీద పచ్చదీపం వెలిగింది.

అది 2049 చలికాలం. నదికి ఆనకట్ట పడి, నీళ్ళు కొండల నడుముల దాకా వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. కింది గడ్డిబీళ్ళన్నీ మునిగిపోయాయి. వాటి మీద మేసే అడవిదున్నలు పైకి ఎక్కాయి. ఎక్కి, నెమలిగొంది చుట్టూ ఉన్న కాస్త కొండలో ఇరుక్కుపోయాయి. తిన్నచోటే తినాలి, పేడ వేసినచోటే మళ్ళీ మెయ్యాలి. పేడలో పురుగు గుడ్లుంటాయి. గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. ఆ పిల్లలు మంచుతడిని పట్టుకుని గడ్డి కొసలకి పాకుతాయి. ఆ గడ్డి తిన్న దున్న కడుపులో చేరి, గోడకి కరుచుకుని, నెత్తురు తాగుతాయి. వెంట్రుకంత పురుగు. కానీ ఒక్కో కడుపులో పదివేలు, పన్నెండువేలు. మందలో పుట్టిన దూడల్లో సగం ఏడాది తిరక్కుండా పోతున్నాయి. లెక్క తీస్తే నూటపన్నెండు దున్నలు మిగిలాయి.

అడవి జంతువుకి మందు పట్టించడం ఎలా? పట్టుకుంటే బెదిరి చస్తుంది. నీళ్ళలో కలిపితే దేనికెంత పోయిందో తెలియదు. తక్కువైతే పురుగు మందుకి అలవాటుపడి మొండికేస్తుంది. ఎక్కువైతే జంతువుకే ముప్పు. సుభాషిణి చేసిన ఉప్పుబండ ఈ చిక్కుని విప్పింది.

"చూడ్డానికి తిరగలిరాయిలా ఉందిగానీ, దీనికి తెలివుంది బుచ్చిరెడ్డి గారూ," అంది ఆవిడ, దున్న వెళ్ళిపోయాక, సంతోషం పట్టలేక. "ముందు అది నిలబడ్డ మట్టి కింద తూకం పలక ఉంది. బరువు తెలిసిపోయింది. నాలిక పెట్టగానే ఉమ్ము చూసి, కడుపులో పురుగులు ఏపాటి ఉన్నాయో పసిగట్టింది. ఉప్పు మధ్యలో బొత్తాం అంత కెమెరా మూతి ఫొటో తీసింది. మనకి వేలిముద్రల్లాగా వీటికి మూతిముద్రలుంటాయి. ఏ రెండిటికీ ఒకలా ఉండవు."

"అంటే వీటికీ ఆధారు చేసేశారన్నమాట."

ఆవిడ నవ్వింది. "అంతే అనుకోండి. ఫలానా దున్న, ఇంత బరువు, ఇన్ని పురుగులు అని తెలిశాక సరిగ్గా దానికి సరిపడా మందు ఉప్పులో కలిపి ఇచ్చేసింది. ఆ మందు పురుగుకి తప్ప దేనికీ తగలదు. పురుగుని బతికించే జీన్ ఒక్కటే మూసేస్తుంది. ఇవాళ నాకింది కదా, మళ్ళీ నెలకి నాకితే, అప్పటికి దాని కడుపు కడిగిన గిన్నెలాగా ఉంటుంది."

"మరి ఆ పురుగులు?"

"పురుగులేంటి?"

"అయి ఏమైపోతాయండి?"

"చచ్చిపోతాయి," అంది సుభాషిణి, ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అర్థంకాక. నిజానికి అతనికీ తెలియదు. ఊరికే అడిగాడు.

*

ఆ తరవాతి ఆరేళ్ళూ నెమలిగొంది మంచిరోజులు చూసింది.

మంద మొత్తం బండకి అలవాటుపడింది. మొదట ఒక బండ, తరవాత నాలుగు, చివరికి తొమ్మిది బండలయ్యాయి. నెలకోసారి వాటిలో ఉప్పు నింపడం, మందు గొట్టాలు మార్చడం బుచ్చిరెడ్డి పని. దున్నలు అతని వాసనకి అలవాటైపోయి, బండ మూత బిగిస్తుండగానే ఇరవై గజాల దూరంలో వచ్చి నిలబడేవి. వాటి తోలు నూనె రాసినట్టు మెరిసేది. దూడలు బతికాయి. ఆ దూడలు పెరిగి ఈనాయి. నూటపన్నెండు కాస్తా రెండువందల తొంభై దాటాయి.

బుచ్చిరెడ్డి భార్య చెల్లాయమ్మకి కూడా అందులో పని దొరికింది. రోజూ పొద్దున బండల దగ్గరికెళ్ళి, పొగలు కక్కే పేడ ఇంత తీసి, స్టీలు డబ్బాల్లో వేసి నెంబర్లు రాయాలి. దున్నలు నాకి వెళ్ళిన బండలని తడిగుడ్డతో తుడవాలి, కెమెరా మీద చొంగ ఎండిపోతే మూతిముద్ర సరిగ్గా పడదు. ఆ పనికి ఫొటోతో ఒక కార్డు ఇచ్చారు. మెడలో ఆ కార్డు వేసుకుని, "నేను పేడాఫీసర్ని, దారియ్యండి," అని గూడెం ఆడవాళ్ళని నవ్వించేది.

సుభాషిణి వచ్చినప్పుడల్లా వాళ్ళింట్లోనే దిగేది. చెల్లాయమ్మ చేసిన చోడంబలి తాగి, వెదురుకొమ్ముల కూర తిని, అరుగు మీద కూచుని డబ్బాలు తెరిచేది. ఐదో ఏడు ఒకనాడు మైక్రోస్కోపులోంచి తలెత్తి, "చెల్లాయమ్మా, ఒక్క గుడ్డు కూడా లేదు," అంది. "ఈ కొండ మీద ఆ పురుగు ఇంక లేదు."

"పోనీలెండమ్మా, పీడా వదిలింది," అంది చెల్లాయమ్మ, బియ్యం చెరుగుతూ.

ఆ ఏడే సుభాషిణికి ఢిల్లీలో పెద్ద బహుమతి వచ్చింది. పేపర్లో పడిన ఫొటోలో ఆవిడ పక్కన బుచ్చిరెడ్డి కూడా ఉన్నాడు, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో, కెమెరా వైపు కాకుండా ఇంకెటో చూస్తూ. ఆ తరవాత ఉప్పుబండలు పదకొండు రాష్ట్రాల అడవుల్లోకి వెళ్ళాయి. పల్లెల్లో ఆవులకీ గేదెలకీ పనికొచ్చేలా చిన్న బండలు కూడా తయారుచేశారు. ఎక్కడ పెట్టినా పశువులు నిగనిగలాడాయి.

*

ఏడో చలికాలంలో బుచ్చిరెడ్డికి ఒక దున్న దగ్గు వినిపించింది.

దున్న ఈల అతనికి తెలుసు, బుస తెలుసు, దూడని పిలిచే కూత తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు. పొడిగా, లోతుగా, బోలు మానుని కర్రతో కొట్టినట్టుంది. మూడోరోజు ఇంకో దున్న దగ్గింది. వారం తిరిగేసరికి ఎనిమిది అయ్యాయి. అతను సుభాషిణికి ఫోన్ చేశాడు.

ఆవిడ ట్యాబ్లెట్‌లో లెక్కలన్నీ చూసింది. "బరువు తగ్గలేదు. పురుగు లేదు. అన్నీ మంచి స్థితిలోనే ఉన్నాయి బుచ్చిరెడ్డి గారూ. మంచుకి వచ్చిన దగ్గేమో."

"ఇన్నేళ్ళు మంచు లేదాండి మరి?" అన్నాడు. "చూద్దాం," అంది.

మాఘమాసం చివర్లో పెద్ద పోతు ఒకటి వాగు పక్కన పడిపోయింది. టన్ను బరువు. చూస్తే ఏ రోగమూ ఉన్నట్టు లేదు. సుభాషిణి వచ్చి, ముక్కుకి మాస్కు కట్టుకుని, బుచ్చిరెడ్డికొకటి ఇచ్చి, దాన్ని కోసింది. ఊపిరితిత్తి బయటికి తీసి రాతి మీద పెట్టగానే ఇద్దరూ చూశారు. పసుపుపచ్చగా, గట్టిగా, ముత్యాలు గుత్తులు కట్టినట్టు గడ్డలు. కత్తి పెడితే సున్నం గీకినట్టు కరకరమంది.

ఆవిడ గ్లౌజులు తీసేసి ఒక బండరాయి మీద కూచుంది.

"ఏంటండి ఇది?"

"క్షయ. టీబీ. పశువుల్లో వచ్చే రకం." తరవాత అడిగింది, "ఇంతకుముందు, నేను రాకముందు, మందలోంచి విడిపోయి ఒంటరిగా చచ్చిపోయిన దున్నలు ఉండేవా?"

"ఉండేయండి. ఏడాదికి రెండో మూడో. బాగా చిక్కిపోయి, మంద ఎనకాల నడవలేక వెదురు డొంకల్లో పడుండేయి. నెలా రెణ్ణెల్లకి పోయేయి. మా పెద్దోళ్ళు కొండ తీసుకుందనేవోళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు పురుగుల గురించి అడిగారు గానీ సచ్చినోటి గురించి అడగలేదండి."

సుభాషిణి తల ఊపింది. అతనికి చెబుతున్నట్టుగా కాక, తనకి తను లెక్క అప్పజెప్పుకుంటున్నట్టుగా చెప్పింది. "ఈ జబ్బు కొత్తది కాదు బుచ్చిరెడ్డి గారూ. ఎన్నో ఏళ్ళనించి ఈ మందలో ఉంది. పురుగులు తాగేసి బలం లేని దున్నకి ఇది పట్టుకుంటే రెండు నెలల్లో చచ్చిపోయేది. చిక్కిపోయి మందకి దూరమయ్యేది. అంటే, ఇంకోదానికి అంటించేలోపే పోయేది. అందుకే అది ఏడాదికి రెండిటిని, మూడింటిని తీసుకుని ఊరుకునేది. మనం పురుగుల్ని తీసేశాం. ఇప్పుడు జబ్బు పట్టిన దున్నకి బలముంది. మూడేళ్ళు, నాలుగేళ్ళు బతుకుతుంది. మంద మధ్యలో తిరుగుతుంది, దూడల పక్కన పడుకుంటుంది, బండ దగ్గర మూతీ మూతీ ఆనించి నిలబడుతుంది. దగ్గుతుంది. మనం దున్నలకి ఆయుష్షు పోశామనుకున్నాను. పోసింది జబ్బుకి."

బుచ్చిరెడ్డికి సగం అర్థమైంది, ఆ సగమే చాలు అనిపించింది. అటూ ఇటూ చూశాడు. కాస్త దూరంలో, గాలికి ఎదురుగా, చెల్లాయమ్మ డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

సుభాషిణి కూడా అటే చూస్తోంది.

*

చెల్లాయమ్మకి అప్పటికి నాలుగు నెలల్నించీ దగ్గుంది. రెండుసార్లు ఆసుపత్రిలో సిరప్పు ఇచ్చి పంపారు. ఈసారి సుభాషిణి తనే కారులో పట్నం తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టారు. మనుషుల టీబీకి ఇచ్చే నాలుగు మందుల్లో ఒకటి ఈ పశువుల రకం మీద పనిచెయ్యదు. అది ఏ రకమో తేలి, మందులు మార్చేసరికి ఇంకో ఏడు వారాలు గడిచాయి. అప్పటికి జబ్బు వెన్నులోకి దిగింది.

"మాస్కు ఇవ్వాల్సింది," అంది సుభాషిణి, ఆసుపత్రి వరండాలో. "పేడలో పురుగులకి మాస్కెందుకనుకున్నాను. ఆరేళ్ళు. ఒక్కసారైనా తట్టలేదు నాకు."

బుచ్చిరెడ్డికి తిట్టాలని ఉంది. కానీ ఆవిడ అతనింట్లో తిన్న మనిషి.

చెల్లాయమ్మకి ఆఖరి రోజుల్లో నడుము కింద స్పర్శ పోయింది. మంచం మీద పక్కకి తిరగాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. మాట మాత్రం బాగానే ఉండేది.

"ఏవయ్యా, ఆ బండలు రోజూ తుడిచేదాన్ని గదా. చొంగ అంటుకునేది చేతులకి. అందుకేనంటావా ఇది?"

"కాదే. ఎవరు చెప్పారు? ఊళ్ళో ఎంతమందికి రాలేదు."

"అంతేలే," అంది. నమ్మినట్టే మొహం పెట్టింది. "నువ్వు మాత్రం గుడ్డ కట్టుకుని ఎళ్ళు," అంది.

వానలు మొదలైన వారానికి పోయింది. నదిలో నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని లాంచీ రెండురోజులు ఆపేశారు. మూడోరోజు శవాన్ని పట్నంనించి గూడేనికి తీసుకొచ్చారు.

*

ఆ వానాకాలమంతా సుభాషిణి చేసిన పని చూసి కింది పల్లెల్లో జనం ఆవిడకి మతి పోయిందనుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి, పశువుల పేడ అడిగి తీసుకుని, పురుగు గుడ్ల కోసం వెతికింది. మందలోకి మళ్ళీ ఆ పురుగుని వదిలితే, జబ్బువి త్వరగా పోయి, పట్టనివి కొన్నైనా మిగులుతాయేమోనని ఆశ. ఒక్క గుడ్డు దొరకలేదు. ఆవిడ చేసిన చిన్న బండలు ప్రతి పశువులపాకలోనూ ఉన్నాయి. ల్యాబులో నలభై గాజుగొట్టాల్లో దాచిన పురుగు పిల్లల్ని బయటికి తీసి చూసింది. ఏడేళ్ళు గడ్డకట్టి ఉన్నవి, ఒక్కటీ కదల్లేదు.

"ఈ పురుగుని చంపడం నేర్చుకోడానికి నా వయసంతా ధారపోశాను బుచ్చిరెడ్డి గారూ," అంది ఫోన్లో. "బతికున్నది ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా ఇస్తే కాళ్ళు మొక్కుతాను."

మిగతా అడవులకి కూడా ఉత్తరాలు రాసింది, బండలు ఆపెయ్యమని. జవాబులొచ్చాయి. మా జంతువుల బరువులు బాగున్నాయి, దూడలు పెరిగాయి, దగ్గు మాట ఎవరూ చెప్పలేదు, ఆపడానికి కారణం కనపడటం లేదు అని.

దసరా వెళ్ళాక రేంజర్ ఇమాన్యుయేలు, పైఆఫీసర్లు ఇద్దరు, సుభాషిణి గూడెంలోకి వచ్చారు. ఉప్పుబండలకి ఉమ్ములో టీబీ పసిగట్టే పరికరం కొత్తగా అమర్చారు. నెలరోజుల లెక్క చేతికొచ్చింది. రెండువందల తొంభై నాలుగు దున్నల్లో రెండువందల పదహారింటికి జబ్బుంది. అవతలి గట్టు దాటితే వేరే అడవులు, వేరే మందలు ఉన్నాయి. అందుకని జబ్బున్నవాటిని చంపెయ్యాలని నిర్ణయం.

"హెలికాప్టర్లోంచి కాల్పిస్తే సులువు," అన్నాడు రేంజరు, నేల చూస్తూ. "కానీ మంద చెదిరిపోయి గట్టు దాటేస్తుంది. అప్పుడింక ఆపలేం."

మిగతాది సుభాషిణి చెప్పింది. ఉప్పుబండే ఆ పని చేస్తుంది. మూతిముద్ర చూస్తుంది, జబ్బుదైతే ముందు మత్తు, తరవాత రెండోది ఇస్తుంది. మంచిదైతే ఉత్త ఉప్పు. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు.

"నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు బుచ్చిరెడ్డి.

"మీరు బండ దగ్గర ఉండాలి. ఉప్పు నింపుతూ, ఎప్పటిలాగే. తోటివి పడిపోతుంటే మిగతావి బెదురుతాయి. మీరు కనిపిస్తే కాస్త నిలబడతాయి."

"నేను రానండి."

సుభాషిణి అతని ఇంటి అరుగు మీదే కూచుని ఉంది. ఆవిడ జుట్టు ఆ ఏడాదిలో సగం తెల్లబడింది.

"రాకపోతే తుపాకులొస్తాయి," అంది. "అవి బెదిరి, గాయాలతో పరిగెత్తి, ఎక్కడో పడి చస్తాయి. ఇలాగైతే వాటికి నొప్పి తెలియదు. ఇంతకంటే నా దగ్గర ఏమీ లేదు. ఉంటే తెచ్చేదాన్ని."

మర్నాడు పొద్దున బుచ్చిరెడ్డి ఖాకీ చొక్కా తొడుక్కుని, మొహానికి గుడ్డ కట్టుకుని, ఉప్పు బస్తా భుజానికెత్తుకుని వెళ్ళాడు.

ఇరవైమూడు రోజులు పట్టింది. దున్న వచ్చి నాకేది. పది అడుగులు నడిచేది. ముందు మోకాళ్ళ మీద కూచునేది, తరవాత మెల్లగా ఒరిగేది. మిగతావి తలలెత్తి చూసేవి. అతను అక్కడే బండ పక్కన నిలబడి ఉండేవాడు. అతన్ని చూసి మళ్ళీ ముందుకొచ్చేవి. వెనక నుంచి జేసీబీ వచ్చి లాక్కెళ్ళి గోతిలో వేసి, సున్నం చల్లి పూడ్చేది. రేచుకుక్కలు, అడవిపందులు తవ్వుకోకుండా గోతుల మీద రాళ్ళు పేర్చారు. ఐదో రోజు ముసలి పెద్దదున్న వచ్చింది. దానికి దగ్గు లేదు. తోలు మెరుస్తోంది. దాని వైపు చూడకుండా ఉప్పు చదును చేశాడు. అది తృప్తిగా, తొందరేమీ లేకుండా, చాలాసేపు నాకింది.

రెండువందల పదహారుతో ఆగలేదు. మంచివన్న డెబ్భై ఎనిమిదిని రెండు నెలల తరవాత మళ్ళీ పరీక్షిస్తే, నలభై ఒకటికి తేలింది. మూడోసారి ఇంకో ఇరవై ఆరు. ప్రతిసారీ బుచ్చిరెడ్డే వెళ్ళాడు. చివరికి నాలుగోసారి దేనికీ జబ్బు లేదని వచ్చింది. అప్పటికి మిగిలినవి పదకొండు. అందులో పోతు ఒక్కటే.

"ఎన్నాళ్ళుంటాయండి ఇవి?" అని అడిగాడు.

"ఒక్క పోతు. పుట్టేవన్నీ దాని పిల్లలే అవుతాయి. మళ్ళీ వాటిలో వాటికే," అంది సుభాషిణి. "నాలుగైదు తరాలు. ఏ జబ్బూ రాకపోతే."

*

గూడెంలో అందరికీ పరీక్షలు చేశారు. తొమ్మిదిమందికి టీబీ తేలింది. బుచ్చిరెడ్డి పేరు మూడోది.

సుభాషిణి ఆ కాగితం తనే పట్టుకొచ్చింది. దూరంగా నిలబడబోతే అతనే, "కూచోండమ్మా," అన్నాడు, తను ఇంకాస్త వెనక్కి జరిగి. పద్దెనిమిది నెలలు మందులు వాడాలని, బహుశా నయమవుతుందని చెప్పింది. అతను వింటున్నాడో లేదో తెలియలేదు.

"ఇంకోటి ఉంది," అంది. "పదకొండు దున్నల చుట్టూ కంచె వేస్తున్నారు. కొండ పైభాగమంతా. అందులోకి మనుషులెవరూ వెళ్ళకూడదు."

"నేను కూడానాండి?"

"ముఖ్యంగా మీరు." ఆవిడ కాగితం మడిచింది. "వాటిలో ఇప్పుడు జబ్బు లేదు బుచ్చిరెడ్డి గారూ. మీలో ఉంది. వాటినించి మీకొచ్చినట్టే, మీనించి వాటికి పోతుంది. మీ దగ్గు ఒక్కటి చాలు."

"అంటే ఇప్పుడు వాటికి పురుగుని నేనే అయ్యానన్నమాట," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు దగ్గులోకి దిగింది.

కంచె లోపల పడిన, వెదురు నరుక్కునే కూపులూ పోడు సేద్యం చేసుకునే చెక్కలూ గూడేనివి. ఇంక వెదురు లేదు, పోడు లేదు. జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అని తేడా లేకుండా నెమలిగొందిని ఖాళీ చేయించి, నది దిగువన రేకుల షెడ్లలోకి పంపించారు. తాతలనాటినుంచీ ఆ దున్నల పక్కనే బతికిన జనాన్ని, ఆ దున్నల క్షేమం కోసమే కొండ దింపారు. బుచ్చిరెడ్డి ఒక్కణ్ణే ఉండనిచ్చారు. అతనికో కొత్త పని పడింది.

ఉప్పుబండలు తీసేశారు. దున్నలకి ఉప్పు లేదు. మనిషి వచ్చిన చోట ఉప్పుంటుందని వాటికి ఏడేళ్ళు నేర్పారు. అందుకని అవి మనిషి వాసన తగిలితే కంచె దాకా వచ్చేస్తున్నాయి. రావడం మాన్పించాలి. మనిషంటే భయం పుట్టించాలి. "అది మీకంటే బాగా చేసేవాళ్ళు లేరు," అని రేంజర్ ఇమాన్యుయేలు చెప్పాడు. "డప్పు కొట్టండి, అరవండి, రాళ్ళు విసరండి. కానీ కంచెకి మూడువందల గజాల లోపుకి రానివ్వద్దు."

మొదట్లో డప్పుకే పోయేవి. పెద్దవి రెండు నెలల్లో తెలుసుకున్నాయి. దూరంగా నిలబడి, తలలెత్తి, అతని వైపు చూసి, వెనక్కి తిరిగేవి. అలా చూసినప్పుడు అతను మొహం తిప్పుకునేవాడు.

ఫాల్గుణంలో ఒకరోజు మధ్యాహ్నం కంచె దగ్గరకి దూడ ఒకటి వచ్చింది. ఆర్నెల్లది. కాళ్ళకింకా తెల్లమేజోళ్ళు రాలేదు, ఒళ్ళంతా ఎండుగడ్డి రంగు. జబ్బుమంద అంతా పోయాక పుట్టిన మొదటి దూడ అదే. తల్లి ఎక్కడో పైన మేస్తోంది. బుచ్చిరెడ్డి డప్పు కొట్టాడు. దూడ చెవులు రిక్కించి ఇంకాస్త దగ్గరకొచ్చింది. దానికి ఆ చప్పుడు ఆటలాగా ఉంది. అరవబోయాడు, గొంతులోంచి దగ్గు వచ్చింది. నోటికి గుడ్డ అదుముకుని గబగబా వెనక్కి నడిచాడు. దూడ కంచె తీగకి మూతి ఆనించింది. సోలారు కంచె అది, మబ్బు పట్టి తీగలో కరెంటు లేదు.

అతను రాయి తీశాడు. మొదటిది కావాలనే పక్కకి విసిరాడు. దూడ రాయి పడిన చోటికి వెళ్ళి వాసన చూసి వచ్చింది. రెండోది దాని డొక్కకి తగిలింది. బెదరలేదు. ఏం జరిగిందో అర్థంకానట్టు అతని మొహంలోకి చూసింది.

మూడోది పెద్దరాయి. గురి చూసి, ఉన్న బలమంతా పెట్టి, నుదురు మీద కొట్టాడు.

దూడ అరిచింది. కాళ్ళు తడబడి పడి, లేచి, పైకి పరిగెత్తింది. వెదుళ్ళు చాలాసేపు కదిలాయి.

సుభాషిణి రోజూ ఆ వేళకి ఫోన్ చేసి అడుగుతుంది. ఆ రోజూ చేసింది.

"ఏవైనా వచ్చాయా?"

"ఒకటి వచ్చిందండి. చిన్నది."

"వెళ్ళిందా?"

"ఎళ్ళింది."

"మళ్ళీ వస్తుందా?"

బుచ్చిరెడ్డి పైకి చూశాడు. వెదుళ్ళ మధ్యలో గడ్డిరంగు మచ్చ ఒకటి ఆగి ఉంది.

"వస్తదండి," అన్నాడు. "చిన్నది గదా, దానికింకా తెలీదు."

ఫోన్ పెట్టేసి, వాగు ఒడ్డుకి దిగి, చేతికి సరిపోయే రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.